వంగకూడని వేలు

మొన్న మా అమ్మాయి పెళ్ళిలో ఫొటోగ్రాఫరుకు ఒక ముచ్చట పుట్టింది. పెళ్ళికూతురి గోరింటాకు చేతుల పక్కన తల్లి చేతులు కూడా పెట్టించి పైనుంచి ఒక ఫొటో తీయాలట. ఈ కాలపు పెళ్ళిళ్ళలో పురోహితుడి మాటైనా పక్కన పెట్టవచ్చు గానీ ఫొటోగ్రాఫరు మాట పక్కన పెట్టే వీల్లేదు కనుక, ముహూర్తం ముంచుకొస్తున్నా బుద్ధిగా వెళ్ళి పట్టుగుడ్డ మీద రెండు చేతులూ చాపాను. "ఆంటీ, ఆ మధ్యవేలు కొంచెం స్ట్రెయిట్‌గా పెట్టండి" అన్నాడు. పెట్టాను. "ఇంకొంచెం, ఆంటీ." దానికి చేతనైన స్ట్రెయిట్ అంతే నాయనా అన్నాను. నమ్మలేదు. కెమెరా మెడలో వేలాడేసుకుని దగ్గరికి వచ్చి, నా కుడిచేతి మధ్యవేలి కొసను కిందనుంచి తన వేలితో ఎత్తి పట్టాడు. పట్టుకున్నంతసేపూ నిలబడింది, వదలగానే తల వాల్చేసింది. మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆ వేలి కొసను అలా ఎత్తి పట్టుకునే చెయ్యి నాకు ఒక్కటే తెలుసు. అది మా అత్తగారిది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

వేలికి ఈ గతి పట్టించింది త్రోబాల్. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కాపురం చేయనివాళ్ళకు ఈ ఆట సంగతి తెలియకపోవచ్చు. వాలీబాల్‌కు చుట్టం. అందులో బంతిని కొడతారు, ఇందులో రెండు చేతులా పట్టుకుని వెంటనే వల అవతలికి విసిరేస్తారు. నలభై దాటిన ఆడవాళ్ళం, బస్సు వెనక తప్ప దేని వెనకా పరుగెత్తి ఎరగనివాళ్ళం, సాయంత్రమయ్యేసరికి ట్రాక్‌ప్యాంట్లు తొడుక్కుని కిందికి దిగిపోయేవాళ్ళం. మా ఇల్లు కాడుగోడిలో, ఎనిమిదో అంతస్తు. మా ఆయన ఉద్యోగమేమో జిగణిలో, ఊరికి ఆ మూల. పొద్దున ట్రాఫిక్ నిద్ర లేవకముందే వెళ్ళి, సాయంత్రం ట్రాఫిక్‌తో పాటు నీరసించి వచ్చేవారు. అమ్మాయికి అప్పుడే కొత్తగా ఉద్యోగం. ఇద్దరికీ డబ్బాలు కట్టడం, పనిమనిషి కోసం ఎదురుచూడటం, పనిమనిషి రాకపోతే ఆ పని చేసుకోవడం, ఇదీ నా దినచర్య. అందులో ఎవరికీ ఏమీ వడ్డించనక్కర్లేని గంట సాయంత్రం కోర్టులో గడిపే ఆ గంటే. అక్కడ నన్ను ఫలానావారి భార్య అనో ఫలానా పిల్ల తల్లి అనో కాక "వెనక లైన్లో ఎడమపక్క" అని పిలిచేవారు. నాకు అంతకంటే గొప్ప బిరుదు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

మా జట్టులో దెబ్బ తగలని చెయ్యి లేదు. మా కెప్టెన్, బ్యాంకులో పనిచేసే కన్నడావిడ, వెనక్కి పడుతూ అరచెయ్యి నేలకు ఆనించి మణికట్టు విరగ్గొట్టుకుంది. మూడో అంతస్తు ఆవిడ మోచేతి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళితే టెన్నిస్ ఎల్బో అన్నాడట. జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టుకోని నాకు ఆ జబ్బెలా వస్తుందని ఆయనతో పోట్లాడి, మందు చీటీ కూడా తీసుకోకుండా వచ్చేసింది. ఇంకొకావిడ బొటనవేలు వెనక్కి మడతపడి చాలా రోజులు తాళం తిప్పలేక, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే బయటికి వెళ్ళేది. ఇవన్నీ మాకు బాధలుగా కాక పతకాలుగా ఉండేవి. కూరగాయల బండి దగ్గర కట్టుతో కనిపించామంటే, ఏమైందని అడిగించుకుని మరీ చెప్పుకునేవాళ్ళం. నా చేతులు మాత్రం అన్నాళ్ళూ చెక్కుచెదరలేదు. దానికి కొంచెం గర్వం కూడా ఉండేది, దాస్తే ఏం లాభం.

అపార్ట్‌మెంట్ల పోటీలు దగ్గర పడుతున్న రోజులు. సన్నగా తుంపర పడుతోంది, అయినా ఆపలేదు. అవతలి నుంచి వచ్చిన బంతి తడిసి బరువెక్కి ఉంది. చేతులు రెండూ సరిగ్గా తెరుచుకునే లోపలే వచ్చి మధ్యవేలి కొసకు సూటిగా తగిలింది. చిటుక్కుమంది. పెద్ద నొప్పి కూడా లేదు. చూసుకుంటే వేలి పై కణుపు కిందికి వాలి ఉంది. ఎత్తు అని నేను చెబుతున్నాను, అది వినిపించుకోవడం లేదు. సొంత వేలు మన మాట వినకపోవడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. లాగితే సరిపోతుందని ఒకరు, ఐసు పెట్టమని ఒకరు. లాగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

వేలి వెనకనుంచి కొసను ఎత్తిపట్టే సన్నటి తాడులాంటిది ఒకటి ఉంటుందట, అది తెగిందన్నాడు డాక్టరు. ఆపరేషన్ అక్కర్లేదు. వేలికొసకు ప్లాస్టిక్ తొడుగు వేసి, నిటారుగా ఉంచితే చాలు, ఆరేడు వారాల్లో తెగిన కొనలు వాటంతట అవే అతుక్కుంటాయి. హమ్మయ్య అనుకునే లోపల అసలు షరతు చెప్పాడు. ఈ వారాలన్నిట్లో ఆ కణుపు ఒక్కసారి కూడా వంగకూడదు. నిద్రలో కూడా. రోజూ తొడుగు తీసి తోలు నానిపోకుండా శుభ్రం చేసుకోవాలి, ఆ కాసేపు కూడా కొసను ఎవరో ఒకరు కిందనుంచి ఎత్తి పట్టుకునే ఉండాలి. ఒక్కసారి వంగిందా, అతుకు విడిపోయి లెక్క మళ్ళీ మొదటికి. నిటారుగా అతికితే ఆట, అతకకపోతే పట్టు లేని వేలు, ఆట సంగతి మర్చిపోవడమే.

పట్టుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు? అందుకని పాత బెంగళూరులోని కాటన్‌పేట నుంచి మా అత్తగారు వచ్చారు. నాలుగు తరాలుగా అక్కడ బట్టల వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. కింద గోడౌను, పైన మా బావగారి కుటుంబం. నేను నెల్లూరు పిల్లను. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మాట్లాడేది సగం తెలుగూ సగం కన్నడమూ అనిపించి, అర్థం కాకపోయినా తల ఊపి, ఊపకూడని చోట కూడా ఊపి చివాట్లు తిన్నాను. ఆవిడ ఎడమ మోచెయ్యి ఎప్పుడూ మడతపడే ఉండేది. చాపేది కాదు, ఇంకా మడిచేదీ కాదు, చంకలో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు అలా ఉండిపోయేది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడిందని మా ఆయన చెప్పారు. అందుకే ఆవిడ ఎవరికి దిష్టి తీసినా ఒంటిచేత్తోనే తీసేది. కుడిచేత్తో మొహం చుట్టూ తిప్పి, తన కుడి కణతకు ఆనించి మెటికలు విరిచేది. ఎడమ కణత ఖాళీగా ఉండిపోయేది. కొత్తకోడలిగా నేను ఆ సగం దిష్టికి లోలోపల చిన్నబుచ్చుకున్నాను కూడా.

వచ్చిన రోజే నా వేలు చూసి, "ఏమ్మా, ఈ వయసులో చెండాట ఏమిటికి? పిల్లోల్లు ఆడేది పెద్దోల్లు ఆడితే ఇట్లే అయితాది" అని తేల్చేసింది. డాక్టరు దగ్గరికి మాత్రం పట్టుబట్టి నాతో వచ్చింది. ఆయన చెప్పిందంతా విని, "సామీ, కట్టేది చెప్తిరి. విప్పేది ఎప్పుడో అదీ సరిగ్గా చెప్పండి" అని అడిగింది. చెప్పాను కదమ్మా అన్నాడాయన. ఇంకోసారి చెప్పించుకుంది. బయటికి వచ్చాక నన్ను కూడా చెప్పమంది. పెద్దావిడకు మతిమరుపు మొదలైందేమో అనుకున్నాను.

అక్కడినుంచి మొదలైంది మా జైలు. జైలని ఎందుకంటున్నానంటే, వంగకూడనిది ఒక్క కణుపే అయినా కట్టుబడిపోయింది మనిషి మొత్తం. పిండి కలపకూడదు, గిన్నె పట్టకూడదు, జడ వేసుకోకూడదు. ఆవకాయన్నం చెంచాతో తినాలి. చెంచాతో తిన్న ఆవకాయన్నం ఎంత అన్యాయంగా ఉంటుందో తిన్నవాళ్ళకే తెలుసు. రాత్రి నిద్ర పట్టబోయే ముందు వేలు వంగుతుందేమోనని ఉలిక్కిపడి చూసుకునేదాన్ని. వాన పట్టుకుని వదిలేది కాదు, బట్టలు ఆరేవి కాదు, ఇల్లంతా తడి తువ్వాళ్ళ వాసన. సాయంత్రం కిందనుంచి బంతి దబ్‌మన్న చప్పుడూ మావాళ్ళ కేకలూ వినిపించేవి. బాల్కనీలో నిలబడి చూస్తే నా చోటు, వెనక లైన్లో ఎడమపక్క, స్పష్టంగా కనిపించేది. కొన్నాళ్ళకు ఆ తలుపు వేసేసుకున్నాను. చప్పుడు మాత్రం తలుపులోంచి కూడా వచ్చేది.

అత్తగారి పరిస్థితి నాకంటే మెరుగేమీ కాదు. లిఫ్టు ఎక్కాలంటే ఆవిడకు ప్రాణం మీదికి వచ్చేది, ఎనిమిది అంతస్తులు దిగడానికి మోకాళ్ళు ఒప్పుకునేవి కావు. "ఈడ మనుషులే కనపడరు గదమ్మా. పేటలో అయితే కిటికీ తీస్తే చాలు, ఎవరో ఒకరు ఏమన్నా అడిగేకి తగులుతారు. బేజారు అయితాండాది" అనేది. ఇద్దరు ఖైదీలం ఒకరికొకరం కాపలా. నేను ఆవిడ చేసిన ఉప్పు ఎక్కువైన పప్పు మారుమాట లేకుండా తినేదాన్ని, ఆవిడ నా విసుగును మారుమాట లేకుండా మింగేది. నిజం చెప్పాలంటే రెండూ ఎక్కువ రోజులు సాగలేదు. పోపులో ఇంగువ ఎంత వేయాలన్న దాని మీద ఒకసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాటల్లేకుండా ఉన్నాం. అయినా మర్నాడు ఉదయం స్నానాలయ్యాక ఇద్దరం భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. కోపం కోపమే, వేలు వేలే.

ఆ పొద్దుటి పని ఒక పూజలా జరిగేది. నేను అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టేదాన్ని. ఆవిడ ఎడమచెయ్యి బల్లమీదికి అందదు కనుక కుడిచేత్తోనే నా వేలి కొసను కిందనుంచి ఎత్తి పట్టుకునేది. నేను ఎడమచేత్తో తొడుగు లాగి, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పౌడరు అద్ది, మళ్ళీ తొడిగేదాన్ని. ఆ పది నిమిషాలూ ఆవిడ కన్ను ఆర్పేది కాదు. తలుపు గంట మోగినా, పొయ్యి మీద పాలు పొంగినా కదిలేది కాదు. "పాలు పోతే పోనీ, సుమ్నె కూచో, కదలొద్దు. నేను పట్టుకోనుండాను గదా" అనేది. అలాంటి ఒక ఉదయమే, ఏ ప్రస్తావనా లేకుండా, తన మోచేతి సంగతి చెప్పింది. మెట్లు లేవు, ఏమీ లేవు. పేటలో ఆడపిల్లల బడి వెనక మైదానంలో రింగు ఆట ఆడేదట. వల మీంచి రబ్బరు రింగు విసురుకునే ఆట. ఒక పోటీలో పైనుంచి పోతున్న రింగు కోసం ఎగిరి, ఆ చెయ్యి మీదే పడింది. ఇంట్లోవాళ్ళు ఆకుమందు వేసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టించారు. కదిలిస్తే మళ్ళీ విరుగుతుందని భయం. ఈ పండగ వెళ్ళనీ, ఆ పెళ్ళి వెళ్ళనీ అంటూ ఎవరూ విప్పలేదు. విప్పేసరికి మోచెయ్యి బిగుసుకుపోయింది. పదమూడేళ్ళ పిల్ల ఆట అక్కడితో సరి. "ఇంతకీ రింగు పట్టుకున్నారా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ నా వేలి మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. "పట్టుకుంటిని. చెయ్యి పోయింది గానీ రింగు పోనియ్యలేదు."

వారాలు గడిచాయి. కొస నిలబడే సూచనలు కనిపిస్తున్నాయని డాక్టరు అన్నాడు. విడుదల దగ్గరపడ్డ ఖైదీలకు ఉండే సంతోషం మా ఇద్దరిలోనూ. అప్పుడు వచ్చింది మా అమ్మాయి ఆఫీసులో సంప్రదాయ దుస్తుల రోజు. వాళ్ళ నానమ్మ పట్టుచీర కట్టుకుంటానని ముందే చెప్పి ఉంచింది. మేము బల్ల దగ్గర మా పూజలో ఉన్నాం. తొడుగు తీసేసి ఉంది, వేలి కొస అత్తగారి చేతిలో ఉంది. గది తలుపు తెరుచుకుని, వంకాయరంగు పట్టుచీరలో, జడలో మల్లెపూలతో పిల్ల వచ్చి మా ముందు ఒక్కసారి గిర్రున తిరిగింది. ఎప్పుడూ జీన్సులో తప్ప చూడని పిల్ల. "నా తల్లే! ఎవరి కండ్లు పడతాయో ఏమో!" అంటూ అత్తగారు లేచి, కుడిచేత్తో దాని మొహం చుట్టూ తిప్పి కణతకు ఆనించుకుని మెటికలు విరిచింది. అదే క్షణంలో నేనూ లేచాను. రెండు చేతులతో దాని మొహం నిమిరి, నా రెండు కణతలకూ ఆనించి నొక్కాను. టపటపా విరిగాయి. ఎంత దిష్టి పోయిందో అని తృప్తి పడ్డాను కూడా.

అప్పుడు చూసుకున్నాం వేలిని. పాలు పొంగినా వదలని చెయ్యి, గంట మోగినా కదలని చెయ్యి, పిల్ల అందంగా కనిపించగానే వదిలేసింది. నాది ఇంకా ఘోరం. కొస మళ్ళీ మొదటి రోజులాగే వేలాడుతోంది. అత్తగారు తన కుడిచేతిని అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ, "నేను వదిలేస్తినే" అంది. చెయ్యి ఎత్తింది నేను కదా అత్తయ్యా అన్నాను. అమ్మాయి పట్టుచీరలోనే కూలబడి ఏడ్చింది. ఎలా వంగిందని డాక్టరు అడిగితే చెప్పడానికి నాకు సిగ్గేసింది. చెప్పాను. చొక్కా తొడుక్కుంటూ వంచుకున్నవాళ్ళను చూశాను, నిద్రలో వంచుకున్నవాళ్ళను చూశాను, దిష్టి తీసి వంచుకున్నది మీరేనమ్మా అన్నాడు. నవ్వలేదు పాపం. మళ్ళీ మొదటినుంచి కట్టాలి, ఈసారి పూర్తిగా నిటారుగా అతుకుతుందని మాట ఇవ్వలేను అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం కెప్టెన్ నుంచి మెసేజ్ వచ్చింది. పోటీలకు నా చోటులో ఇంకొకరిని తీసుకుంటున్నామనీ, ఏమీ అనుకోవద్దనీ. మా ఆయన జిగణి నుంచి వచ్చి, సంగతంతా విని, చాలా మెత్తగా, "ఇక చాలు. వేలు ఎలా అతికినా సరే, ఆ ఆట మానెయ్" అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ప్రేమగా అన్న మాటలోంచి బయటపడటం కష్టం. నాకూ ఓపిక అయిపోయింది. మళ్ళీ అన్ని వారాలు, అదే బల్ల, అదే బాల్కనీ తలుపు. సరే అనబోయాను. వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఆ మాట అనొద్దప్పా. నాకూ అట్లే చెప్పినారు. చెయ్యి బాగైతే చాలు, ఆట ఏమిటికి అని. అందరూ మంచికే చెప్పినారు. కట్టేకి అందరూ వచ్చినారు, విప్పేది ఎవరికీ గుర్తు లేకపాయ. ఈ పిల్లకు అట్ల కాకూడదు. నేను ఈడనే ఉంటా, మళ్ళా పట్టుకుంటా. విప్పినాక అది పోయి ఆడనీ."

మా ఆయనకు అంతవరకు మెట్ల కథే తెలుసు. "నువ్వు ఆడేదానివా అమ్మా?" అన్నారు. "ఆడతా ఉంటి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చాలాసేపు ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, చెయ్యి తడవకుండా పైకెత్తి పట్టుకుని ఏడ్చాను.

రెండో విడత జైలు మొదటిదానికంటే కఠినంగా నడిచింది. పొద్దుటి పని వేళ మా అమ్మాయి గదికి అత్తగారు బయటినుంచి గడియ పెట్టేసేది. ఎంత బాగా తయారైనా మా పని అయ్యేవరకు బయటికి రాకూడదు. ఆఫీసు క్యాబ్ వచ్చి కింద హారన్ కొడుతుంటే ఆ పిల్ల లోపల తలుపు కొట్టేది. కాటన్‌పేటలో ఆవిడ చెల్లెలి మనవరాలిని తొట్లెలో వేస్తున్నారని పిలుపు వచ్చింది. వెళ్ళి రండి, ఒక్కరోజుకు నేనే ఎలాగో చూసుకుంటాను అంటే, "నేను పోతే ఎవరు పట్టుకుంటారు?" అంది. పోలేదు. పోటీలు జరిగిపోయాయి, మావాళ్ళు ఓడిపోయారు. దానికి నాకు కలిగిన రవంత సంతోషాన్ని ఇన్నాళ్ళకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

చివరికి విప్పే రోజు వచ్చింది. ఆ తేదీ డాక్టరు కంటే అత్తగారికే బాగా గుర్తుంది. కొస కొద్దిగా వాలింది గానీ నా మాట విన్నది. వేలికి పట్టు వచ్చింది. ఇంకొన్నాళ్ళు రబ్బరు బంతి పిసికి, ఆడుకోవచ్చని డాక్టరు చెప్పాక, ఒక సాయంత్రం ట్రాక్‌ప్యాంటు తొడుక్కుని లిఫ్టు బటన్ నొక్కాను. వెనకాలే అత్తగారు గుమ్మం దాటి వచ్చింది. "ఇట్ల తిరుగు" అంది. కుడిచేత్తో నా మొహం చుట్టూ తిప్పి కుడి కణతకు ఆనించి మెటికలు విరిచింది. అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఆవిడ నా ఎడమచెయ్యి పట్టుకుని, వేళ్ళు మడిచి, దాన్ని తన ఎడమ కణతకు ఆనించుకుని గట్టిగా నొక్కింది. ఎన్నేళ్ళుగానో ఖాళీగా ఉన్న ఆ కణత దగ్గర నా మెటికలు టపటపా విరిగాయి. నేను బిత్తరపోయి చూస్తుంటే, "మంచి చెయ్యే తీసుకుంటిలే, భయపడొద్దు. లిఫ్టు వచ్చింది, పో" అంది. ఆ రోజు కోర్టులో నాకు వచ్చిన మొదటి బంతే జారవిడిచాను. కళ్ళు మసకగా ఉన్నాయి, అంతే. పైకి చూస్తే మా బాల్కనీ తలుపు తెరిచి ఉంది.

మొన్న అప్పగింతలప్పుడు మా అమ్మాయి మొహం రెండు చేతులతో నిమిరి కణతలకు ఆనించుకున్నాను. అన్ని మెటికలూ విరిగాయి, ఆ మధ్యవేలు తప్ప. "అమ్మా, వేలు జాగ్రత్త" అంది పిల్ల, ఏడుస్తూనే, పాత అలవాటు కొద్దీ. ఆ రోజుల్లో పొద్దు గడవడం లేదని గోడల్ని చూసి ఏడ్చినదాన్ని. ఇప్పుడు ఆ భోజనాల బల్ల దగ్గర, ఆవిడ ఎదురుగా, ఇంకొక్క పది నిమిషాలు దొరుకుతాయంటే, కాలం నన్ను ఎన్నాళ్ళు కట్టేసి కూర్చోబెట్టినా కూర్చుంటాను.